ఇద్దరి కండ్ల పొరలు

గోదావరిఖనిల మా కంపెనీ క్వార్టరు ముందట రేకులు దించి, వాటి కింద మిషిని వేసుకొని నేను జాకెట్లు కుట్టేదాన్ని. మా ఆయిన బొగ్గుబాయిల పనిచేస్తుండె. ఆయినకు వారానికో షిఫ్టు మారేది. నాకు మాత్రం ఎప్పుడూ పగటి షిఫ్టే. మిషిని మీద సన్నగ పడ్డ బొగ్గుపొడి తుడుచుకునుడు, గుడ్డ పరుచుకునుడు, కుట్టుడు. గట్ల శానా ఏండ్లు గడిచినయి. నాకు నలభై దాటి కొన్నేండ్లు అయినంక ఎడమ కన్ను మసకవడ్డది. కుడి కంటికి చిన్నప్పటి నుంచే చూపు తక్కువ.

మొదట నేను దాన్ని పట్టించుకోలె. పొద్దుగూకినంక ఎదురుంగ వచ్చే ఆటో లైటు పత్తికాయ పలిగినట్టు విచ్చుకొని కనవడేది. నల్లగుడ్డ మీద నల్లదారం ఎటు పోతున్నదో తెల్వకపోయేది. బొగ్గు నలుసు ఏదో పడ్డది, గదే కంట్ల ఆడుతున్నది అనుకున్న. మా కాడ గది మామూలే. బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు దిక్కుకెళ్లి గాలి లేస్తె అందరం కండ్లు నలుపుకునేటోళ్లమే.

మా వెనుక లైన్ల ఒక ముసలవ్వ ఉండేది. ఎవల కంట్ల నలుసు పడ్డా నాలుకతోటి తీసేది. నేను పోతె, నోరు పుక్కిలించి, నన్ను గడప మీద కూసోబెట్టి, రెప్ప ఎత్తిపట్టి నాలుక కొసతోటి గుడ్డంత తడిమింది. అరచేతుల ఉమ్మి ఎండకు పెట్టి చూసింది.

“ఏం లేదు బిడ్డా” అన్నది.

“మళ్లొకసారి చూడవ్వా.”

మళ్లొకసారి చూసింది. “నా నాలుకకు ఏం తగుల్తలేదు. దవాఖానకు పో” అన్నది. ఆమె దగ్గర ఏదో ఒకటి దొరికితె బాగుండు అని నాకు గట్టిగ అనిపించింది.

కంపెనీ దవాఖానల డాక్టరు లైటు పెట్టి చూసి, మోతిబిందు అన్నడు. కంటి లోపల అద్దం లెక్క ఉండేదానికి పొర పట్టిందట. నా ఈడుకు జరంత తొందరనే గాని కొందరికి వస్తదట. చుక్కల మందుతోటి పోదు, ఆపరేషన్ చేసి ఆ అద్దం తీసేసి కొత్తది పెడ్తరు, కరీంనగర్‌కు రాసిస్త అన్నడు. నేను “ఇంట్ల అడిగి వస్త సారు” అని లేచిన. ఆ లేచుడు లేచుడు, మళ్ల ఏడాది దాంక ఆ గడప తొక్కలె.

ఎందుకు తొక్కలేదంటె మా బాపు వల్ల, నన్ను కన్న తండ్రి వల్ల. నేను చిన్నప్పుడు, మా ఊరు దగ్గర బడిల కండ్ల ఆపరేషన్ల క్యాంపు పెట్టిండ్రు. మా బాపు అందరితోటి పోయి చేయించుకున్నడు. ఆకుపచ్చ గుడ్డ కట్టుకొని ఎడ్లబండి మీద నవ్వుకుంట వచ్చిండు. తర్వాత ఆ కన్ను ఎర్రగయి, చీము పట్టి, చివరికి తెల్లగ రాయి లెక్క అయింది. ఆయిన ఎవ్వలనూ ఒక్క మాట అనలె. గని అప్పటి నుంచి మనిషిని చూడాల్నంటె మెడ మొత్తం తిప్పి చూసేటోడు. కుడిపక్కన ఏమున్నదో కనవడక, అన్నం తినేటప్పుడు నీళ్ల చెంబు తన్నేసేటోడు. ఆపరేషన్ అనే మాట వినవడితె నాకు ఆ చెంబు దొర్లిన చప్పుడే యాదికి వచ్చేది.

మా ఆయినకు చెప్పిన. బాయిల పైకప్పు కింద రోజూ నిలవడే మనిషి, గని నా కంటి మీద కత్తి అనంగనే ఆయినకు కూడ చెమటలు పట్టినయి. “నీకు ఎట్ల మంచిగ అనిపిస్తె గట్ల చెయ్యి” అన్నడు. గా మాట నాకు అప్పుడు సల్లగ అనిపించింది.

అప్పుడు నాకు తోడు దొరికింది మేడం.

ఆమె జ్యోతినగర్ల కరెంటు ప్లాంటు ఇంజినీరు భార్య. రాజమండ్రి దిక్కు మనిషి. నాకంటె పదేండ్లు పెద్ద. నేను నెలకోసారి వాళ్ల క్వార్టరుకు పోయి కొలతలు తీసుకునేది, కుట్టినవి ఇచ్చి వచ్చేది. ఒకరోజు ఆమె జాకెట్టు భుజం కాడ గుండుసూది పెట్టబోయి నేను ఆమె చర్మానికే గుచ్చిన. ఆమె ఉలిక్కిపడి నా మొఖంలకు చూసింది.

“ఏవమ్మా, కనబడట్లేదా నీకు?”

ఇగ దాచెయ్యడానికి ఏమున్నది. చెప్పిన. ఆమె తలుపు దగ్గరికి వేసి వచ్చి నా పక్కన కూసున్నది.

“నాకూ అదే” అన్నది మెల్లగ. “రెండు కళ్ళకీ. మా ఆయనకి తెలిస్తే రేపే హైదరాబాదు తీసుకెళ్ళి కోయించేస్తారు. మెలకువగా ఉండగానే కంట్లోకి కత్తి వస్తుందట. ఆ కత్తిని చూస్తూ ఎలా పడుకుంటాం చెప్పు?”

అంత సదువుకున్న మనిషి, ఇంట్ల ఇంగ్లిషు పేపరు వచ్చే మనిషి, నా అంతనే భయపడుతున్నదని ఆ రోజు తెలిసింది. మాకు ఆ రోజు నుంచి జాకెట్లతోటి సంబంధం లేని ముచ్చట్లు మొదలైనయి.

ముందు నందివర్ధనం పూలు. ఆమె పెరట్ల చెట్టు ఉండె. పొద్దుగాల కోసి, సల్లటి నీళ్లల్ల వేసి, మూసిన రెప్పల మీద పెట్టుకొని ఇద్దరం ఆమె వరండల చాప మీద పండుకునేది. పని మనిషి ఊడుస్త ఊడుస్త మమ్ముల చూసి నవ్వుకునేది. మేడం అట్ల పండుకొని వాళ్ల ఊరి ముచ్చట్లు చెప్పేది, గోదావరి గట్టు మీద వాళ్ల బడి, వరద నీళ్లు వస్తె సెలవు ఇచ్చుడు. “మీ దగ్గర ఉన్నదీ ఇదే నీళ్ళు కదా, మా దగ్గరికి వచ్చేసరికి సముద్రమంత అవుతుంది” అనేది. పూలతోటి కంటికి హాయిగనే ఉండేది. తీసి చూస్తె పొర పొర లెక్కనే ఉండేది.

తర్వాత తేనె. పొద్దుగాల పరగడుపున చుక్క వేసుకుంటె మండి, కన్నీళ్లు ధారగ కారేవి. తర్వాత ఆమె ఎవరో చెప్పిండ్రని పుస్తకం తెచ్చి కండ్ల వ్యాయామం మొదలువెట్టింది. గుడ్లు పైకి, కిందికి, కుడికి, ఎడమకు. నేను మిషిని తొక్కుకుంటనే తిప్పేది. మా ఆయిన డ్యూటీ దిగి వచ్చి నన్ను చూసి, “ఎవలి మీద కోపం అచ్చింది నీకు?” అని అడిగిండు. హోమియో గోలీలు కూడ మింగినం. అవి తియ్యగ ఉండేటియి, అంతే.

గా రోజులల్ల తెలంగాణ ఉద్యమం జోరుగ ఉండె. చౌరస్తల టెంటు, పాటలు, రెండు రోజులకోసారి బంద్. మా లైన్ల ఒకామె అడిగింది, “ఆంధ్రోళ్లింటికి గన్నిసార్లు ఏం పోతవు అక్కా?” అని. “నా కండ్లు వేరు, ఆమె కండ్లు వేరు కాదు చెల్లే” అన్న. మేడం మాత్రం ఆ నెలలల్ల ఒక్కతే బజారుకు పోవడానికి జంకేది. ఎవ్వరూ ఆమెను ఒక్క మాట అనలేదు, అయినా జంకేది. కూరగాయలు నేనే తెచ్చి ఇచ్చేది.

నస్పూర్ల ఒకాయిన పసరు పోస్తడు, మోతిబిందు పొర కన్నీళ్లల్ల కరిగి బయటికి వస్తది అని మా ఆడబిడ్డ చెప్పింది. మేడంకు చెప్పంగనే “వెళ్దాం” అన్నది. వాళ్ల కారు తీస్తె ఇంజినీరు సారుకు తెలుస్తదని, నాతోటి షేరు ఆటోల వచ్చింది. ఆమె జీవితంల అట్ల ఎక్కుడు గదే మొదటిసారి. డ్రైవరు పక్కన ఇద్దరు, వెనుక ఆరుగురు. ఆమె నా మోచెయ్యి పట్టుకొని, గోదావరి బ్రిడ్జి దాటేదాంక కండ్లు మూసుకొనే కూసున్నది. “అసలే కనబడవు, మూసుకుంటె ఏం లాభం మేడం” అంటె, నవ్వింది గని తెరవలె.

పసరు పోసేటాయిన ఒక క్వార్టరు వెనుక పందిరి కింద కూసున్నడు. అప్పటికే చాప మీద మంది ఉన్నరు. ఒక్కొక్కలను పండుకోబెట్టి, నూరిన ఆకు గుడ్డల కట్టి కండ్లల్ల పిండుతుండు. ఆకు పేరు అడిగితె చెప్పలె. “పేరు చెప్తె గుణం పోతది” అన్నడు. ఉప్పు, చింతపండు బంద్ చెయ్యమన్నడు. నా వంతు వచ్చింది. చుక్క పడంగనే మిరపకాయ పొడి కొట్టినట్టయింది. చాప అంచు పట్టుకొని పండ్లు బిగవట్టిన. కాసేపటికి ఆయిన ఒక పుల్లతోటి నా కంటి కొసల నుంచి తెల్లటి పుసి తీసి చూపెట్టిండు.

“చూసినవా అక్కా, పొర వస్తున్నది.”

చుట్టూ ఉన్నోళ్లంత వంగి చూసిండ్రు. నాకు సంతోషంతోటి ఏడుపు వచ్చింది. మేడం కూడ పోయించుకున్నది. వచ్చేటప్పుడు ఆటోల నన్ను అడిగింది, “నిజంగా పొరే అంటావా అది?” అని.

“మరి కండ్లతోటి చూస్తిమి గదా మేడం” అన్న.

మూడు ఆదివారాలు పోయినం. మూడో ఆదివారం తర్వాత నా కన్ను నిప్పు కణిక లెక్క అయింది. వెలుతురు చూడలేకపోయేది. మిషిని మీద గుడ్డ కప్పేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడ దిక్కు తిరిగి పండుకున్న. పసరు పనిచేస్తుంటె గట్లనే ఉంటదేమో అని రెండు రోజులు ఓర్చుకున్న. మా ఆయిన డ్యూటీ నుంచి వచ్చి రెప్ప ఎత్తి చూసిండు. నల్లగుడ్డు మీద తెల్లగ మచ్చ.

“ఇగ నీకు ఎట్ల మంచిగ అనిపిస్తె గట్ల అని నేను అనను” అన్నడు. “లే, దవాఖానకు పోదాం.”

స్కూటరు మీద ఆయిన వీపుకు మొఖం ఆనించి పోయిన. డాక్టరు తిడ్తడని భయపడ్డ. తిట్టలె. మందు చుక్క వేసి, నీలం లైటు పెట్టి శానాసేపు చూసిండు. గుడ్డు మీద పుండు అయింది అన్నడు. గంట గంటకు చుక్కలు వెయ్యాలె, రాత్రి కూడ వెయ్యాలె, తగ్గుతదో లేదో రెండు మూడు రోజులైతె గని చెప్పలేను అన్నడు. ఆఖరుకు కుర్చి వెనుకకు జరిపి అడిగిండు.

“ఆపరేషన్ అంటె ఎందుకమ్మా అంత భయం?”

నేను మా బాపు గురించి చెప్పిన. ఆయిన మధ్యల అడ్డం రాకుంట విన్నడు.

“ఎవరికీ ఏం కాదని నేను ఒట్టు వెయ్యలేను” అన్నడు. “అప్పటి ఆపరేషన్ వేరు, ఇప్పటిది వేరు. గాని పసరుతోటి పోయిన కండ్లు మాత్రం నేను చాలా చూసిన.”

నాకు మాట ఇవ్వని డాక్టరును నమ్ముడు సులువనిపించింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

నా కంట్ల చుక్కలు వెయ్యడానికి ఊరి నుంచి నన్ను కన్న మా అవ్వ వచ్చింది. పగలంత ఆమె వేసేది. మా ఆయిన డ్యూటీ లేనప్పుడు ఆయిన వేసేటోడు. ఒక మధ్యాహ్నం చుక్క వేసి నా తల ఒళ్లె పెట్టుకొని, అవ్వ అన్నది, “నువ్వు మీ బాపు లెక్క చెయ్యకు. చెప్పినన్ని రోజులు పండుకో.”

“బాపు ఏం చేసిండు?”

“వారం తిరుగక ముందే కల్లం కాడికి పోయిండు. వడ్లు తూర్పారబట్టిండు, కట్టు జారితె మెడకు వేసుకొని. దుమ్ముల వద్దయ్యా అంటె ఇన్నడా. వాన వస్తె వడ్లు పోతయి అన్నడు.”

నేను లేచి కూసున్న. “గీ ముచ్చట నాకు ఎన్నడు చెప్పలేదేందే?”

“నువ్వు అడిగినవా? గా దుమ్ముతోటే పోయిందో, క్యాంపోళ్లే ఖరాబ్ చేసిండ్రో ఎవలికి ఎరుక. మీ బాపుకు మాత్రం దుమ్మే అని మనసుల ఉండె. అందుకే ఎవ్వలను తిట్టకపోతుండె.”

నేను మళ్ల అవ్వ ఒళ్లె పండుకున్న. మా బాపు పోయి అప్పటికి శానా ఏండ్లయింది. ఆయిన నోరు మూసుకొని ఉండుడు మంచితనం అనుకున్న ఇన్నేండ్లు. దాంట్ల గింత బాధ కూడ ఉన్నదని తెల్వదు.

పుండు మానింది. గుడ్డు మీద ఒక చిన్న మచ్చ మిగిలింది. అది చూపు నడుమల లేదు, పక్కకు ఉన్నది, నీ అదృష్టం అన్నడు డాక్టరు. నేను మేడంకు ఫోన్ చేసి ఆమె కండ్లు ఎట్లున్నయని అడిగిన. బాగనే ఉన్నయట. ఆమె ప్రతిసారి పసరు పోసేటాయిన అటు తిరగంగనే తడి రుమాలుతోటి తుడిచేసుకున్నదట. “మంటకి తట్టుకోలేకపోయానమ్మా. నీకు చెప్తే నవ్వుతావని చెప్పలేదు” అన్నది.

కన్ను కుదుటవడ్డంక కరీంనగర్‌ల ఆపరేషన్‌కు రోజు పెట్టిండ్రు. ఆ రోజే బంద్ పిలుపు వచ్చింది. బస్సులు లేవు, రాజీవ్ రహదారి మీద వంటలు చేసుకుంట జనం కూసున్నరు. అందరు తెలంగాణ వస్తదని సంతోషంగ ఉంటె, నేను ఆపరేషన్ తప్పిందని సంతోషంగ ఉన్న. ఆ సంతోషం వారం కూడ ఉండలె. మళ్ల రోజు పెట్టిండ్రు, ఈసారి బస్సులు నడిచినయి.

ఆపరేషన్ ముచ్చట చెప్పాల్నంటె, నేను అనుకున్నదేది అక్కడ లేదు. కంటి కింద సూది పొడిచినప్పుడు నొచ్చింది. మొఖం మీద గుడ్డ కప్పిండ్రు. ఆ తర్వాత ఒక పెద్ద తెల్లటి వెలుగు, దాంట్ల గులాబి, నీలం రంగులు నీళ్లల్ల కలిసినట్టు కదులుడు. కత్తి కనవడలె. ఎవరో ఇద్దరు వాళ్ల పిల్లల పరీక్షల గురించి మాట్లాడుకుంటుండ్రు. నేను ఆ పిల్లలు పాసయిండ్రా లేదా అని వింటున్న. గంతల అయిపోయింది అన్నరు.

తెల్లారి కట్టు విప్పిండ్రు. ఎదురుంగ మా ఆయిన నిలవడ్డడు. ఆయిన కనుబొమ్మ మీద నీలంగ ఒక గీత. దెబ్బ తగిలి, దాంట్ల బొగ్గు ఇమిడిపోయి మానితె బాయోళ్లకు గట్ల నీలం గీతలు పడ్తయి. వీపుల మీద, చేతుల మీద ఉన్నవి నాకు ఎరుకే. ఇది కొత్తది.

“ఇది ఎప్పుడయింది?”

“పోయినేడు. బొగ్గుపెళ్ల జారింది. చిన్నదే.”

“నాకు చెప్పలే.”

“నువ్వు చూస్తలేవు గదా” అన్నడు. అని ఆయినకే ఎట్లనో అనిపించి, నా చెప్పులు వెతకడానికి వంగిండు. నేను ఆ గీత మీద వేలు పెట్టి చూసిన. వాకిట్ల నర్సు ఉన్నా చెయ్యి తియ్యలె.

చెప్పినన్ని రోజులు బుద్ధిగ ఇంట్ల ఉన్న. తల మీద నీళ్లు పోసుకోలె, పొయ్యి కాడికి పోలె, మిషిని ముట్టలె. ఆ రోజులు అయిపోంగనే జ్యోతినగర్ పోయిన. తలుపు తీసిన మేడంను చూసి గడపల ఆగిపోయిన. ఆమె జుట్టు సగం తెల్లగయింది. నా మనసుల ఉన్న మనిషి కంటె ఈ మనిషి పెద్దది. ఇంక ఆమె వేసుకున్న జాకెట్టు, పోయినేడు నేను కుట్టిందే, కాఫీపొడి రంగుది. చేతుల అంచుకు ఒకదానికి ముదురు ఆకుపచ్చ దారం, ఇంకోదానికి నల్లదారం. హుక్కుల పట్టీ వంకర.

“మేడం, గిది ఇట్లనే వేసుకొని తిరుగుతున్నరా?”

“ఏం, బాగానే ఉందిగా?” అని ఆమె చెయ్యి ఎత్తి కంటికి దగ్గరగ పెట్టుకొని చూసుకున్నది.

నేను విషయం చెప్పిన. ఇద్దరం బీరువ తీసి ఆ ఏడాది కుట్టినవన్ని మంచం మీద వేసినం. ఒకదానికి మెడ ఒక పక్కకు దిగి ఉన్నది. ఒకదానికి లోపలి దిక్కు బయటికి పెట్టి కుట్టిన. ఆమె వాటిని పెండ్లిండ్లకు, పూజలకు వేసుకొని పోయింది. మంచం మీద కూలవడి నవ్వింది. నేను కూడ, కంటికి మంచిది కాదేమో అని అనుకుంటనే నవ్విన. అన్ని సంచిల వేసుకొని విప్పి మళ్ల కుట్టడానికి తెచ్చుకున్న.

పోయేముందు ఆమె అడిగింది, “కత్తి కనబడిందా?”

“లేదు మేడం. రంగులు కనవడ్డయి.”

“నా మీద ఒట్టు?”

“మీ మీద ఒట్టు.”

అయినా ఆమె చేయించుకోలె. ఎండకాలం పోనీ అన్నది, వానకాలం పోనీ అన్నది. గంతల ఇంజినీరు సారు రిటైరయిండు. సామాన్లు లారికి ఎక్కించిన రోజు నేను పోయిన. ఆమె నందివర్ధనం చెట్టును ఏం చేద్దామని అడిగింది. వచ్చేటోళ్లకు ఉండనీయండి అన్న. రాజమండ్రి పోయినంక అప్పుడప్పుడు ఫోన్ల మాట్లాడుకునేది. కండ్ల ముచ్చట నేను తియ్యకపోతుంటి, ఆమె తియ్యకపోతుండె.

తెలంగాణ వచ్చినంక, ఆ చలికాలంల, ఆమె ఫోన్ చేసింది. మెట్ల మీద పడ్డదట. కాలు బెణికింది గని విరగలే. సారుకు విషయం అంత తెలిసిపోయిందట. కుడి కన్ను ఆపరేషన్ కూడ అయిపోయిందట. “నువ్వు చెప్పిన గులాబి రంగు నాకు రాలేదు. అంతా పసుపే” అన్నది, నేనేదో అబద్ధమాడినట్టు. తర్వాత గొంతు తగ్గించి, “రెండోదానికి ఇంకా భయంగానే ఉంది. నువ్వొస్తావా?” అని అడిగింది.

మా ఆయిన నన్ను రామగుండం స్టేషన్ల రైలెక్కించిండు. అంత దూరం ఒక్కదాన్ని పోవుడు నాకు గదే మొదలు. దవాఖానల ఇంజినీరు సారు అటు ఇటు నడుస్తనే ఉన్నడు. నేను కుర్చిల కూసొని, ఆమె గాజులు, కండ్లద్దాలు ఒళ్లె పెట్టుకొని ఎదురుచూసిన. నాకు కుడి కంట్ల కూడ అప్పటికి పొర మొదలైంది. డాక్టరు చెప్పిండు, ఇంకో ఏడాదికి చేయించుకోవాలె అని. మొదటి సారంత కాకున్నా భయమైతె ఉన్నది.

మేడంను చక్రాల కుర్చిల బయటికి తోలుకొచ్చిండ్రు. ఒక కంటికి కట్టు. లోపలికి పోయేటప్పుడు భయంతోటి నా దిక్కు సరిగ చూడలేదు గని, ఇప్పుడు ఇంకో కన్నుతోటి నన్ను పైకెళ్లి కిందికి చూసింది.

“అదేంటమ్మా, ఇంత చిక్కిపోయావు?” అన్నది.

“నేను ఎప్పుడు గింతనే మేడం” అన్న.

నమ్మలె. ఇంటికి పోంగనే నాకు పప్పు, నెయ్యి వేసి పెట్టమని ఇంట్ల ఉన్న వాళ్ల వదినకు చెప్పాలె అని సారుతోటి అంటనే, నా చేతుల ఉన్న గాజులు తీసుకొని ఒక్కొక్కటి వేసుకున్నది.